తిరగబడ్డ బాణాలు

“అక్క అక్కర్లేదు మేడమ్. ఉంటేనే ఇబ్బంది. తీసేస్తే జనం సరిగ్గా చూస్తారు.”

పెరట్లో రంగు గుడ్డలు పిండుతున్న పెద్దకోడలు టక్కున ఆగిపోయింది. మనిషి ఆగింది గాని చేతులు ఆగలేదు. చేతిలో ఉన్నది గుడ్డ కాదు, ఎవరిదో మెడ అన్నట్టు దానికి ఇంకో రెండు మెలికలు పడ్డాయి.

మాటలు అద్దకాల గదిలోంచి వచ్చాయి. లోపల చిన్నకోడలు కిటికీ దగ్గర ఫోన్లో మాట్లాడుతోంది. పక్కనే పెద్దకొడుకు పొడుగు బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో దబ్బున గుద్దుతున్నాడు. గుద్దుకీ గుద్దుకీ మధ్య సందులో బయటపడ్డ మాటలవి. వినకూడని మాటలు బయటికి రావడానికి ఆ మాత్రం సందు చాలు.

ఆ ఇంట్లో అక్క అంటే ఒక్కతే. వీధి వీధంతా ఆమెని ‘రేడియో’ అంటుంది. అద్దకాలు చూద్దామని ఊళ్ళు దాటి వచ్చేవాళ్ళని వీధి గుమ్మం లోపల పక్కనున్న అరుగు ముందు నిలబెట్టి, ఏ రంగు ఏ బెరడులోంచి దిగుతుందో, ఏ అచ్చు ఏ తాత చేతిలో అరిగిందో ఆమే చెప్పేది. వచ్చినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు, కాస్సేపటికి కళ్ళొత్తుకునేవాళ్ళు, పోతూ పోతూ ఆమె పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్ళు. పెళ్ళై వచ్చినప్పటినుంచీ ఆ అరుగు ఆమెది. వంటింట్లో వాటా ఉంది, అల్మారాలో వాటా ఉంది, చివరికి మొగుడి బుర్రలో కూడా అత్తగారికి వాటా ఉండేది. అరుగు ఒక్కటే ఏ వాటా లేకుండా అచ్చంగా ఆమెది.

ఆ రేడియోకే ఇవాళ ఎవరో స్విచ్ కట్టేస్తున్నారు!

తడి చేతులు తుడుచుకోకుండానే గదిలోకి దూసుకెళ్ళింది.

“ఏమ్మా, నన్నెప్పుడు తీసేస్తున్నారు? రేపేనా, ఇవాళ సాయంత్రమేనా? చెబితే బట్టలు సర్దుకుంటాను.”

చిన్నకోడలు ఫోన్ పెట్టేసి బిత్తరపోయి చూసింది. “ఏంటక్కా? ఎవరు తీసేస్తున్నారు?”

“అక్క అక్కర్లేదు అన్నావుగా! నాకు చెవులు రెండున్నాయి. ఒకటి పొరపాటు పడితే రెండోది సరిదిద్దేది. రెండూ అదే విన్నాయి.”

“అయ్యో! అక్క కాదక్కా, వ్యాఖ్య! వ్యాఖ్య అక్కర్లేదు అన్నాను. బావగారు అప్పుడే గుద్దారు, మొదటి అక్షరం కొట్టుకుపోయింది.”

పెద్దకొడుకు ఎత్తిన పిడికిలి అలాగే ఉంచి, తను చేసిన నేరం ఏమిటా అని ఆలోచించాడు.

“వ్యాఖ్యంటే?”

“అంటే… వచ్చినవాళ్ళకి మనం చెప్పే మాటలు. వివరాలు.”

“ఆ మాటలు చెప్పేదెవరు?”

చిన్నకోడలు కిటికీ వైపు తిరిగింది.

“నిన్నే. చెప్పేదెవరు?”

“నువ్వేనక్కా.”

“మరింకేం? వ్యాఖ్య అక్కర్లేదన్నా అక్క అక్కర్లేదన్నా ఒకటేగా! మీ బావగారి గుద్దు ఓ అక్షరాన్ని మింగింది గాని, అర్థాన్ని మింగలేదమ్మా.”

పెద్దకొడుకు పిడికిలి దించాడు. శబ్దం రాకుండా దించాడు.

మూలన కూర్చుని ఉలితో చెక్క చెక్కుతున్న మామగారు తలెత్తలేదు. ఆ ఇంట్లో పాత అచ్చులన్నీ ఆయన తండ్రి చెక్కినవి. కొత్తవి చెక్కడం ఆయన ఎప్పుడో మానేశాడు. మాటలు చెక్కడం అంతకన్నా ముందే మానేశాడు.

“అక్కా, కూర్చో. చెప్తాను,” అంది చిన్నకోడలు. “రేపు మా మేడమ్, క్లాసువాళ్ళూ వస్తున్నారని నీకు తెలుసుగా. చూడ్డానికొచ్చే జనంలాగా వస్తారు. ఇంటిని ఎలా చూపిస్తానో చూసి మార్కులేస్తారు. నా రెండేళ్ళ చదువు రేపటి మీదే ఉంది.”

“సాంస్కృతిక పర్యాటక నిర్వహణ,” అంది పెద్దకోడలు ఒక్కో మాటా నమిలి. “పేరు పలికేసరికే నోరు నొప్పెడుతోంది. పర్యాటకమో ఆటంకమో! మేనేజ్‌మెంటుకి చదువెందుకే తల్లీ? నీ బావగారిని ఇన్నేళ్ళుగా మేనేజ్ చెయ్యట్లా నేను? ఎవరైనా నాకు పట్టా ఇచ్చారా?”

“ఇవ్వాల్సిందే,” అన్నాడు పెద్దకొడుకు. ఇద్దరూ అతని వైపు చూశారు. అతను రంగు పళ్ళెంలోకి చూశాడు.

చిన్నకోడలు తగ్గలేదు. మెతకగా కనిపిస్తుంది గాని, తడి గుడ్డ లాంటి మనిషి. పిండితే నీళ్ళొస్తాయి, చిరగదు.

“ఇన్నాళ్ళూ మన ఇంటికొచ్చినవాళ్ళ వెనకాలే నడిచానక్కా. ఎక్కడ ఆగుతున్నారు, ఎటు చూస్తున్నారు అని. అరుగు దగ్గర నువ్వు మాట్లాడుతుంటే అందరూ నిన్నే చూస్తారు. గుమ్మం బిగిసిపోతుంది, వెనకవాళ్ళు వీధిలో ఎండలో నిలబడిపోతారు. లోపలికొచ్చేసరికి అలిసిపోయి, బావగారి చేతులకేసి ఓ చూపు చూసి వెళ్ళిపోతారు. చూడాల్సింది చేతుల్నక్కా. గుద్దు చప్పుడు వినాలి. మాటలుంటే అది వినపడదు. ఈ ఇల్లు ఎంతమందిని మోయగలదో లెక్కేసుకోవాలి, వాళ్ళని మెల్లగా నడిపించాలి. అదే నా చదువు.”

“ఇల్లు ఎంతమందిని మోస్తుందో లెక్కేశావు. ఇంటిని మోస్తున్నదెవరో వేశావా?”

“అక్కా…”

“సరే. నోరు మూసుకుంటాను. మరి రేపు నేనేం చెయ్యాలి? ఆ ప్లానులో నేనెక్కడున్నాను?”

చిన్నకోడలు గొంతు తగ్గించింది. “టీ దగ్గర.”

అక్క మొహం చూసి తనే గబగబా అందుకుంది.

“చివర్లో అందరికీ టీ ఇద్దామని. నీ చేతి టీ అంటే మేడమ్‌కి కూడా…”

“బాగుందమ్మా. ఇన్నాళ్ళూ టీకా తాత్పర్యాలు చెప్పినదాన్ని. ఇప్పుడు ‘కా’ తీసేసి, తాత్పర్యం తీసేసి, ‘టీ’ మిగిల్చారు.”

అప్పుడు లేచాడు మామగారు. ఒళ్ళోని చెక్కపొట్టు దులిపి, చేతిలోది చిన్నకోడలికి అందించాడు.

“అయిపోయిందమ్మా. చూసుకో.”

అరచేతి వెడల్పున కొత్త అచ్చు. ఒక్కటే గుర్తు: బాణం. ములుకు పదునుగా ఉంది. తోకకి రెండు చిన్న ఆకులు కూడా చెక్కాడు, ఎవరూ అడక్కుండానే.

“నేల మీద వేసుకోవడానికి,” అంది చిన్నకోడలు అపరాధిలా. “మాటలు లేకుండా దారి చూపించాలిగా. మామయ్యగారే చెక్కిపెడతానన్నారు.”

పెద్దకోడలు బాణాన్ని చూసింది. ఆకుల్ని చూసింది. ఆ బాణం గుడ్డ మీదా నేల మీదా పడకముందే ఎక్కడ దిగాలో అక్కడ దిగింది.

“మామయ్యా,” అంది. గొంతు రేడియోది కాదు. “నాకెప్పుడైనా ఒక అచ్చు చెక్కారా?”

ఆయన ఉలిని పంచె అంచుతో తుడిచాడు. “నువ్వడగలేదుగా.”

“అడిగితే చెక్కేవారా?”

“అడిగుంటే తెలిసేది.”

*

సాయంత్రం మబ్బు పట్టింది. కొత్త ఆర్డరు గుడ్డలు డాబా మీద ఇంకా పచ్చిగానే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ వాటిని అంచులు పట్టి ఒక్కొక్కటే దించి, అరుగు వెనకున్న సన్నటి వసారాలోకి మోసుకెళ్ళి తీగల మీద ఆరేశారు. వసారా నిండా పూలతీగలు వేళ్ళాడాయి, అడ్డు తెరల్లాగా.

“నీకు కుళ్ళు,” అన్నాడు పెద్దకొడుకు ఆఖరి గుడ్డకి క్లిప్పు పెడుతూ.

“నాకా? కుళ్ళా?”

“మరి?”

“నాకు కుళ్ళుంటే ఈపాటికి ముక్కు మూసుకుని పారిపోయేవారు మీరు.”

“ఎప్పటినుంచో మూసుకునే ఉన్నాను.”

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఒళ్ళు మండింది. బయటనుంచి తప్-తప్ మని చప్పుడు. చిన్నకోడలు వాకిట్లో వంగి, రాతి పలకల మీద బాణాలు అద్దుతోంది. వీధి గుమ్మంలోంచి ఎడమకి. ఎడమనే రంగు తొట్లు, తర్వాత అద్దకాల గది కిటికీ, తర్వాత మెట్లు. కుడివైపు అరుగుకి ఒక్క బాణం లేదు. అరుగు ఉందని కూడా ఆ బాణాలకి తెలియదు.

“మీకు గుర్తుందా?” అంది. “మొదటిసారి ఎవరో మొగుడూపెళ్ళాం వానకి మన గుమ్మంలో ఆగారు. ఇదేంటని అడిగారు. మీరు లోపలికి పారిపోయారు. మామయ్య గోడ చూస్తున్నారు. ఎవరో ఒకరు మాట్లాడాలిగా అని నేను నోరు విప్పాను. నా కాళ్ళు ఎలా వణికాయో!”

“గుర్తుంది. ఆ రోజునుంచి మూయలేదు.”

“మూయిస్తున్నారుగా ఇప్పుడు.”

అతను ఓ క్లిప్పు తీసి, ఉన్నచోటే మళ్ళీ పెట్టాడు. పెళ్ళయ్యాక అతను నేర్చుకున్న విద్యల్లో అది ముఖ్యమైనది.

*

పొద్దున్నే చిన్నకోడలు క్లాసువాళ్ళని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్ళింది. పెద్దకొడుకు బల్ల సర్దుతున్నాడు. మామగారు గడ్డం గీసుకుంటున్నాడు. వాకిట్లో పెద్దకోడలూ బాణాలూ మిగిలారు.

ఆమె అనుకున్నది చాలా చిన్న పని. గుమ్మంలోని మొదటి రెండు బాణాల్ని తడిగుడ్డతో తుడిచి, కుడికి తిప్పి అద్దడం. అంతే. వచ్చినవాళ్ళు బాణం ప్రకారం అరుగు దగ్గరికొస్తారు. అరుగు మీద ఆమె కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంటుంది, ఊరికే. వాళ్ళంతట వాళ్ళొచ్చి అడిగితే, పెద్దమనిషిగా ఓ రెండు ముక్కలు చెబుతుంది. అందులో తప్పేముంది? మళ్ళీ తుడిచి ఎడమకి తిప్పేసుకోవచ్చు. ఎలాగూ అది పోయే రంగు.

ఆ ఇంట్లో రంగులు రెండు జాతులు. పోయే రంగు, పోని రంగు. చూడ్డానికొచ్చిన జనం ముందు అద్ది చూపించే గుడ్డ మీద వేసేది పోయే రంగు. సాయంత్రం ఉతికితే గుడ్డ మళ్ళీ తెల్లగా అయిపోతుంది, మర్నాడు మళ్ళీ అదే గుడ్డ మీద అదే పువ్వు. ఆర్డరు గుడ్డలకి వేసేది పోని రంగు. కుండలో ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, పల్చగా, బూడిదరంగు నీళ్ళలాగా. తేడా తర్వాతే తెలుస్తుంది. గాలి తగిలేకొద్దీ పోని రంగు ముదురుతుంది. ముదిరి ముదిరి కాటుకవుతుంది.

కుండలు రెండూ షెల్ఫు మీద పక్కపక్కనే ఉంటాయి. కళ్ళు మూసుకుని కూడా ఏది ఏదో చెప్పగలదు పెద్దకోడలు. ఆ రోజు కళ్ళు తెరిచే ఉన్నాయి గాని, వాటి నిండా తోకకి చెక్కిన రెండు ఆకులే ఉన్నాయి.

కొత్త అచ్చు అరచేతిలో చక్కగా ఇమిడింది. అది ఇంకా చిరాకు తెప్పించింది. తప్. తప్. రెండు బాణాలూ అరుగు వైపు ముక్కులు తిప్పాయి.

అరుగు మీద కూర్చుంది. వీధి చివర గుంపు కనిపించింది. ముందు చిన్నకోడలు నడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి, తనలో తను ఏదో వల్లె వేసుకుంటోంది. ఓ చేత్తో ఇంకో చేతి వేళ్ళు గట్టిగా పట్టుకుంది, అవి తననొదిలి పారిపోతాయేమో అన్నట్టు.

వణుకుతున్నాయి ఆ వేళ్ళు.

వాననాటి తన కాళ్ళు గుర్తొచ్చాయి పెద్దకోడలికి. ‘ఛీ,’ అనుకుంది. ఎవరిననుకుందో ఆమెకే తెలియలేదు. లేచింది, తడిగుడ్డ పట్టుకుంది, బాణం మీద వాలి రుద్దింది.

పోలేదు.

ఇంకా రుద్దింది. గుడ్డ నల్లబడింది, వేళ్ళు నల్లబడ్డాయి, బాణం మాత్రం ‘నన్నేనా?’ అన్నట్టు నిగనిగలాడింది. పొద్దుట బూడిదరంగులో ఉన్నది కాస్తా చూస్తుండగానే ముదిరి ముదిరి నల్లగా నవ్వుతోంది. పోనీ అనుకుంటే అది పోని రంగు! పోనీలే అనడానికి వీల్లేని రంగు!

గుమ్మం అవతల అడుగుల చప్పుడు. నల్లటి చేతుల్తో అరుగు మీద కూర్చోవడమెలా? పెద్దకోడలు ఒక్క గంతులో వంటింటి తలుపు వెనక్కి చేరింది.

*

చిన్నకోడలు ప్లానులో ఒక నియమం ఉంది. ఇంటివాళ్ళు ముందు నడవకూడదు, వచ్చినవాళ్ళ వెనక నడవాలి. నోరు విప్పకూడదు, చెయ్యి చూపకూడదు. ఇల్లు తనంతట తనే వాళ్ళని నడిపించాలి. నడిపించిందా లేదా అన్నదే పరీక్ష. గుమ్మం బయటే అందరికీ చెప్పేసింది: “లోపల మాటలుండవు. గుర్తుల్ని బట్టి నడవండి.”

నడిచారు. ముందు మేడమ్, తెల్లటి నేత బట్టల్లో, కళ్ళజోడు పైకి తోసుకుంటూ. వెనకాల క్లాసు. గుమ్మంలో బాణం చూశారు, బుద్ధిగా కుడికి తిరిగారు.

ఆఖర్న వస్తున్న చిన్నకోడలికి ముందు వీపులే కనిపించాయి. వీపులన్నీ కుడికెందుకు తిరుగుతున్నాయో అర్థం కాలేదు. నోరు తెరిచింది. మూసింది. నియమం తనదే.

వంటింటి తలుపు సందులోంచి పెద్దకోడలు చూస్తోంది. మనుషులు ఖాళీ అరుగు దగ్గరికొచ్చారు, ఓ క్షణం ఆగారు, ఇంకో బాణం కనిపించక తిన్నగా వసారా వైపు చూశారు. వసారాలో పూలతీగల గుడ్డలు వేళ్ళాడుతున్నాయి, పచ్చిగా.

ఒక్క మాట చాలు. ‘అటు కాదమ్మా!’ అంటే చాలు. ఎక్కడ ఎవరున్నా వినపడే గొంతు ఆమెది.

మాట నాలుక దాకా వచ్చింది. అక్కడ ఇంకోటి అడ్డంగా కూర్చుని ఉంది. ‘మాటలక్కర్లేదన్నారుగా. పోనీ, చూద్దాం. మాటల్లేకుండా ఎలా నడుస్తుందో.’

ఆ ఒక్క క్షణంలో మేడమ్ మొదటి గుడ్డని రెండు చేతుల్తో పక్కకి తోసి లోపలికి అడుగుపెట్టింది.

వెనక అందరూ. సన్నటి వసారా. తీగకీ తీగకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి పట్టేంత సందు. భుజాలు రాసుకున్నాయి, వీపులు రాసుకున్నాయి, ఒకబ్బాయి పొడుగ్గా ఉండటంతో చెంప రాసుకుంది. ఎవరూ నోరు విప్పలేదు. మాట్లాడొద్దన్నారుగా!

చివరికి వసారా అవతలి కొసలోంచి ఒక్కొక్కరే మళ్ళీ వాకిట్లోకి తేలారు. మేడమ్ తెల్లబట్టల మీద భుజంనుంచి నడుము దాకా పూలతీగ పాకింది. ఒకమ్మాయి వీపు మీద సగం పువ్వు, పక్కనున్న అమ్మాయి వీపు మీద మిగతా సగం. పొడుగబ్బాయి చెంప మీద ఓ మొగ్గ.

కిటికీలోంచి చూసిన పెద్దకొడుక్కి ముందు జనం కనపడలేదు. ఆర్డరే కనిపించింది. “నా గుడ్డలు!” అని బయటికొచ్చాడు.

“మేడమ్, పాఠంలో చెప్పిన అనుభూతి మార్గం ఇదేనా?” అని గుసగుసగా అడిగాడు పొడుగబ్బాయి.

మేడమ్ తన భుజం చూసుకుంది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూసుకుంది.

“ఈ బాణాలెవరు వేశారు?”

చిన్నకోడలు గుమ్మం దాకా వెళ్ళి చూసింది. మొహంలో రక్తం లేదు. “నేనే మేడమ్. నిన్న సాయంత్రం… ఎడమకే వేశాననుకున్నాను. వంగి వేసేటప్పుడు తిరగేసి ఉంటాను. తప్పు నాదే.”

అబద్ధం కాదది. నిజంగానే నమ్మింది. అక్కని కాపాడదామన్న ఆలోచన ఆ పిల్ల బుర్రలో ఏ మూలా లేదు, ఎందుకంటే అక్క చేసుంటుందన్న అనుమానం అంతకన్నా లేదు. తలుపు వెనక పెద్దకోడలికి అదే తట్టుకోలేనట్టుగా తగిలింది. అనుమానించి తిడితే తిరిగి తిట్టొచ్చు. నమ్మినదాన్ని ఏం చేస్తాం?

మామగారు వంగి బాణాన్ని వేలితో రాశాడు. వేలు చూసుకున్నాడు. లేచి, వంటింటి తలుపు వైపు చూశాడు. మళ్ళీ వంగి, ఉత్తపుణ్యానికి, బాణం మీది మట్టి దులిపాడు.

పెద్దకోడలు బయటికొచ్చింది.

నేరుగా అరుగెక్కింది. ఎందుకెక్కిందంటే ఆమె కాళ్ళకి మాట్లాడ్డానికి వేరే చోటు తెలియదు. నల్లటి రెండు చేతులూ పైకెత్తింది. అందరూ అటు తిరిగారు.

“రండి, రండి, దగ్గరికి రండి,” అంది. అప్రయత్నంగా వచ్చేసింది ఆ గొంతు. “వెనకున్నవాళ్ళు ముందుకు రండమ్మా, ఎండలో నిలబడకండి. ఇటు చూడండి. ఇవి రెండు చేతులు. ఈ నలుపు పోని రంగు, వారం రోజులు సబ్బుకి లొంగదు. అటు చూడండి, గుమ్మంలో బాణాలు. చెక్కింది మా మామయ్య. మొదట వేసింది ఈ అమ్మాయి, ఎడమకే వేసింది, సరిగ్గానే వేసింది. పొద్దున దాన్ని తుడిచి కుడికి తిప్పింది నేను.”

“అక్కా?” అంది చిన్నకోడలు.

“ఆగు. చెప్పనీ. ఎందుకు తిప్పానంటే కుళ్ళు. నేను చెప్పే మాటలు అక్కర్లేదంది. వచ్చినవాళ్ళు ముందు నా అరుగు దగ్గరికి రావాలనుకున్నాను. తర్వాత తుడిచేద్దామనుకున్నాను గాని, తొందరలో కుండ మారింది. ఆ కుండ నేను రోజూ పట్టుకునేదే. తర్వాతిది వినండి, ఇది ఇంకా బాగుంటుంది. మీరు వసారాలోకి వెళ్తుంటే తలుపు వెనకనుంచి చూస్తూ నిలబడ్డాను. పిలవొచ్చు. పిలవలేదు. మీ మీద పడ్డ పువ్వులు ఉతికినా పోవు. అవి మా మామయ్య తండ్రిగారు చెక్కిన పువ్వులు. పెద్దవాళ్ళ పనితనం. వంద ఉతుకులకి కూడా రంగు దిగదని వీధిలో పేరు. ఆ విషయంలో మాత్రం మీకు నష్టం లేదు.”

పొడుగబ్బాయి ఫక్కున నవ్వాడు. అది అంటుకుంది. నవ్వకూడదనుకున్నవాళ్ళు కూడా ఒకళ్ళ వీపు మీది సగం పువ్వుని ఇంకొకళ్ళ వీపుకి ఆనించి చూసుకుంటూ నవ్వారు. పెద్దకొడుకు నుదురు పట్టుకుని నవ్వాడు, ఏడ్చాడు, ఏదో చేశాడు.

చిన్నకోడలు నవ్వలేదు.

“నువ్వే తిప్పావా?” అంది. “చూస్తూ నిలబడ్డావా?”

“ఊఁ.”

“నా పరీక్షక్కా అది.”

“తెలుసు.”

“తెలిసే?”

పెద్దకోడలు అరుగు దిగింది. అంతటి రేడియో సిగ్నలు లేనట్టు గుయ్యిమంది.

మేడమ్ గొంతు సవరించుకుంది. “ప్లానులో తప్పు లేదు,” అంది చిన్నకోడలితో. “ఇంకోసారి పెట్టుకుందాం. ఈ కిటికీ దగ్గర ఊరికే నిలబడి వినాలని నాక్కూడా ఉంది. కాని ఇవాళ జరిగింది కూడా రాసి తీసుకురా. మన పాఠాల్లో వచ్చేవాళ్ళ గురించి బోలెడుంది. వాళ్ళెక్కడ ఆగుతారు, ఎటు చూస్తారు, ఏం కొంటారు. ఇంట్లోవాళ్ళ గురించి ఒక్క పేజీ లేదు.”

“అలాగే మేడమ్.”

చిన్నకోడలికి ఊపిరాడింది. పరీక్ష పోలేదు. ఆ వెలుగు మొహంలోకి ఇంకా పూర్తిగా రాకముందే మేడమ్ పెద్దకోడలి వైపు తిరిగింది.

“మీరు సోమవారం మా కాలేజీకి రాగలరా? ఇవాళ మాకు చెప్పినట్టే, అక్కడ పిల్లలందరికీ చెప్పాలి. బాణాల సంగతి, అరుగు సంగతి, మొత్తం. ఇలా చెప్పేవాళ్ళు మాకు దొరకరు.”

క్లాసు మొత్తం చప్పట్లు కొట్టింది. ఆ క్లాసులో చిన్నకోడలికి ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా పడని చప్పట్లు.

పెద్దకోడలి మొహం వద్దన్నా వెలిగింది. వెలుగుతూనే ఆమె తోడికోడలికేసి చూసింది, అక్కడే ఆరిపోయింది. చిన్నకోడలి కళ్ళు మేడమ్ మీద లేవు, క్లాసు మీద లేవు. తన మీదే ఉన్నాయి. పెదాలు నవ్వుతున్నాయి. కళ్ళు ఆ నవ్వులో చేరలేదు. ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. అది లోపలినుంచి ఎలా ఉంటుందో, గొంతులో ఎక్కడ అడ్డం పడుతుందో, అన్నం దగ్గర కూడా ఎలా వదలదో, అంతా తెలుసు.

“సోమవారం అక్కకి కుదరదు మేడమ్,” అంది చిన్నకోడలు. అడిగింది తనని కాకపోయినా. “పాడైన గుడ్డలన్నీ మళ్ళీ అద్దాలిగా. ఇంట్లో పనుంటుంది.”

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెద్దకొడుకు గుడ్డలకేసి తిరిగిపోయాడు. మామగారు మాత్రం బాణం దగ్గర వంగినవాడు వంగినట్టే తలెత్తాడు.

“ఎందుకు కుదరదమ్మా?” అంది పెద్దకోడలు, తోడికోడలికేసి చూస్తూ. గొంతు మళ్ళీ రేడియోది.